గాజుతొట్టిలోని శరణాగతుడు

శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున మత్స్యావతార కథ కలదు. ద్రవిడదేశాధిపతియగు సత్యవ్రతుడు కృతమాలానదిలో జలతర్పణము చేయుచుండగా అతని దోసిటిలోనికి ఒక చిన్న చేప వచ్చినది. రాజు దానిని మరల నదిలో విడువగా, పెద్ద జలచరములు తన్ను మ్రింగివేయునని, తన్ను కాపాడుమని అది వేడుకొన్నది. దయామయుడగు రాజు దానిని కలశములో నుంచుకొని ఆశ్రమమునకు కొనిపోయెను. తెల్లవారునప్పటికి కలశము చాలకపోయినది. రాజు దానిని పెద్ద బానలోనికి మార్చెను. అదియును చాలలేదు. సరస్సునకు మార్చెను, అదియు చాలలేదు. చివరకు సముద్రమున విడువబూనినప్పుడు గాని ఆ మత్స్యము సాక్షాత్తు శ్రీహరియని అతనికి తెలియలేదు.

ఈ కథను వినువారు ప్రళయజలమును, నావను, వేదోద్ధరణమును స్మరింతురు. కథారంభమున నున్న ధర్మసూక్ష్మమును గమనించువారు తక్కువ. చేప తనకు చోటు చాలలేదని చెప్పిన ప్రతిసారియు రాజు “నేనిచ్చిన పాత్ర నీకు చాలును, నీవే ఒదిగియుండుము” అని పలుకలేదు. లోపము ప్రాణియందు కాక పాత్రయందే యున్నదని గ్రహించి పాత్రను మార్చెను. శరణన్న ప్రాణిని చేపట్టుటతో రక్షణము ముగియదు. దాని అవసరమెరిగి నడచుకొనుటయే రక్షణము.

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు పట్టణములలోను, పత్తి మిరప పండించు పల్లెలలోను నేడు పెక్కు గృహముల ముందుగదిలో గాజుతొట్టెలు కనబడుచున్నవి. కొందరు అందమునకు, కొందరు వాస్తుశుభమునకు, కొందరు పిల్లల వేడుకకు బంగారుచేపలను తెచ్చి పెంచుచున్నారు. కొన్నాళ్లకు ఒక ఉదయమున చేప ఒరిగి తేలుచుండును. “దాని కర్మ అంతే” నని ఇంటివారు తీసి పారవైచి మరియొక దానిని కొనితెత్తురు. సరియైన పోషణలో పదేండ్లకు పైబడి జీవింపగల బంగారుచేప పది వారములైనను బ్రతుకకపోవుట దాని కర్మమా, పెంచినవాని ప్రమాదమా? గృహస్థుడు తన్ను తానే ప్రశ్నించుకొనవలసిన విషయమిది.

కర్మమను సాకు

సకలప్రాణుల సుఖదుఃఖములకు ప్రాచీనకర్మ కారణమని శాస్త్రము చెప్పును. ఆ శాస్త్రమే విధినిషేధములను కూడ చెప్పుచున్నది. జీవునికి కర్తృత్వము లేనిచో విధినిషేధములు వ్యర్థములగునని వేదాంతసూత్రములు నిరూపించినవి. ఆ కర్తృత్వము పరమాత్మకు అధీనమైనదే గాని లేనిది కాదని శ్రీభాష్యకారులు విశదపరచిరి. కావున ఇతరుల దుఃఖమును వారి కర్మకు వదలి తన కర్తవ్యమును విడుచువాడు శాస్త్రములో సగము మాత్రమే చదివినవాడు.

నదిలోని చేప తనకు సరిపడని నీటిని విడిచి మంచినీటికి పోగలదు. గాజుతొట్టిలోని చేపకు ఆ స్వాతంత్ర్యము లేదు. దాని నీరు, ఆహారము, చోటు, సహవాసము సమస్తమును యజమాని నిర్ణయించినవే. అన్ని దారులును మూసిన చేయియే “దాని కర్మ” యని చూపించుట న్యాయము కాదు.

మాటలేని రోగి

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములలో తన బాధను తెలియజేయగలుగుట ఒకటి. చేపకు ఆ శక్తి లేదు. కనుక ఆ లోపమును పరిచారకుని కన్నులే పూరింపవలెను. చేప తన పిల్లలను చూపుతోను, తాబేలు తలపుతోను, పక్షి స్పర్శతోను పెంచునని పెద్దలు చెప్పుదురు. చూపుతో పెంచునదని పేరుపడిన ప్రాణిని పెంచువానికి కూడ చూపే మొదటి మందు కావలెను.

ఆ చూపునకు చరకుడే ఒక దారి చూపెను. ఒక్కొక్కరికి వచ్చు రోగము వేరు, గాలి నీరు నేల కాలము చెడినప్పుడు జనపదమంతకు ఒక్కసారి వచ్చు రోగము వేరని విమానస్థానమున చెప్పబడినది. తొట్టియును ఒక చిన్న జనపదమే. చేపలన్నియు ఒక్కసారిగా పైకి వచ్చి నోరు తెరచి ఆయాసపడుచున్నచో మొదట అనుమానింపవలసినది నీటిని. ఒక్క చేప మాత్రమే మూలకు చేరి, ఆహారము విడిచి, ఈతరెక్కలు ముడుచుకొన్నచో దాని దేహమును పరీక్షింపవలెను.

నీటి దోషములలో ప్రధానమైనది కంటికి కనబడనిది. చేపల విసర్జనము వలనను, తినక మిగిలిన మేత క్రుళ్లుట వలనను అమ్మోనియా పుట్టును. నీరు అద్దమువలె తేటగా నున్నను అది మొప్పలను కాల్చివేయగలదు. దానిని క్రమముగా హాని తక్కువ పదార్థముగా మార్చు సూక్ష్మజీవులు కలవు. అవి క్రొత్త తొట్టిలో నిలదొక్కుకొనుటకు సుమారు 4 నుండి 6 వారములు పట్టును. తొట్టి కొన్ననాడే పది చేపలను వేయువాడు ఈ సంగతి ఎరుగడు. శుభ్రత పేర నీరంతయు పారబోసి, వడపోత పంజును కుళాయినీటితో కడుగువాడు ఆ సూక్ష్మజీవులను క్లోరిన్‌తో చంపుచున్నాడు. నీటిలో నాలుగవ వంతు మాత్రమే మార్చి, క్రొత్తనీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువనుంచి పోయుట, పంజును తొట్టినుండి తీసిన నీటితోనే కడుగుట మేలు.

ఈ ప్రాంతమునకు మరి రెండు సంగతులు చెప్పవలెను. పిడుగురాళ్ల, మాచర్ల ప్రాంతములవి సున్నపురాతి నేలలు. క్షారము హెచ్చిన నీటిలో అమ్మోనియా విషము కూడ హెచ్చును. ఎండాకాలపు వేడిమి మరియొక శత్రువు. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే ఇముడ్చుకొనును. వైశాఖ జ్యేష్ఠములలో మేత తగ్గించి, గాలిపంపును ఆపకుండుట ధర్మము.

నేల నేర్పిన పాఠము

కారణమెరుగక మందు పోయుట ఎంత అనర్థమో ఈ నేలకు ఒకరు చెప్పనక్కరలేదు. 1987–88 పంటకాలమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలపై తెల్లదోమ విరుచుకుపడినది. పైరిత్రాయిడ్ మందులు కొట్టినకొలది తెల్లదోమ పెరిగినదే గాని తగ్గలేదు. అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణములు విడిచిరి. పురుగును తెలియక మందును మాత్రము నమ్మిన ఫలమది.

ఆ మందులే గాజుతొట్టికిని శత్రువులు. సైపర్‌మెత్రిన్ వంటి పైరిత్రాయిడ్లు అత్యల్పమాత్రమున కూడ చేపలకు ప్రాణాంతకములు. చేనిలో మందు కొట్టి వచ్చిన చేతులను చక్కగా కడుగుకొనక ప్రేమతో మేత వేయు గృహస్థుడు, ఆ మేతతోపాటు విషమును కూడ వేయుచున్నాడు. దోమలమందులలో పెక్కింటియందు ఈ జాతి ద్రవ్యములే యుండును. గదిలో వాటిని వాడునప్పుడు తొట్టిపై మూత వేసి గాలిపంపును కొంతసేపు ఆపవలెను. లేనిచో ఆ పంపే విషవాయువును నీటిలోనికి లాగును.

తెల్లమచ్చల వ్యాధి మరియొక పాఠము. చేప మేనిపై ఉప్పురవ్వవలె కనబడు మచ్చలలో ఒక పరాన్నజీవి దాగియుండును. చర్మము క్రింద నున్నంతవరకు దానికి మందు తగులదు. అది రాలి అడుగున చేరి, అనేకమై విడివడి నీటిలో ఈదునప్పుడే మందు పనిచేయును. మచ్చలు పోయినవని రెండవనాడే మందు మానువాడు రోగమునకు మరల తలుపు తెరచుచున్నాడు. ఆ పరాన్నజీవిని చంపుట హింస కాదాయని సందేహము రావచ్చును. ఆశ్రితుని విడుచుట అంతకు మించిన దోషము. రోగము రాకముందే, క్రొత్త చేపను రెండు మూడు వారములు వేరుపాత్రలో నుంచి పరిశీలించువానికి ఈ సంకటమే కలుగదు.

కోనేటిలో విడుచుట పుణ్యమా?

చేప నయముకాదని తోచినప్పుడు కొందరు దానిని దేవాలయపు కోనేటిలోనో, ఊరి చెరువులోనో విడిచి పుణ్యము చేసితిమని తలంతురు. ఇది దయ కాదు. ఒక రోగిష్ఠి చేప వలన పుష్కరిణిలోని సమస్తమత్స్యములకు రోగము సోకవచ్చును. ఆరోగ్యముగా నున్న విదేశజాతి చేపయైనను, అక్కడ పెరిగి స్థానికజాతుల చోటును ఆహారమును హరింపవచ్చును. యాత్రికులు విసరు మరమరాలు, రొట్టెముక్కలును మితిమీరినచో నీటిలో క్రుళ్లి అదే అమ్మోనియాగా మారును. భగవంతుని తీర్థమును కలుషితము చేసి సంపాదింపదగిన పుణ్యము లేదు. నయముకాని చేపను వేరుపాత్రలో, నీడపట్టున, శుభ్రమైన నీటిలో నుంచి చివరివరకు చూచుకొనుటయే చేపట్టినవాని విధి.

నాగలాపురమున శ్రీ వేదనారాయణస్వామి మత్స్యరూపమున వెలసియున్నాడు. ఆ స్వామిని సేవించి ఇంటికి మరలు భక్తుడు తన గాజుతొట్టి ఎదుట ఒక్క నిమిషము నిలిచి చూడవలెను. దోసిటిలోని చేప సత్యవ్రతుని మాటలతో అడిగినది. తొట్టిలోని చేప ముడిచిన రెక్కతో, ఆయాసపడు మొప్పతో అడుగుచున్నది. అడుగుటలో భేదమున్నది గాని, అడిగినదానిలో భేదము లేదు. పోషింపలేనివాడు తొట్టిని కొనకుండుట ఉత్తమము; కొన్నవాడు నీటిని తెలిసికొనుట ధర్మము.

సర్వభూతాంతర్యామియగు శ్రీమన్నారాయణుడు గృహస్థులందరికి చూచు కన్నులను, తెలిసి చేయు దయను అనుగ్రహించుగాక.