అరచేతిలో దీవి



విజయవాడ వాళ్లకు దీవి కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన భవానీ ద్వీపం ఉంది. దిగువన దివిసీమలో ఎదురుమొండి ఉంది. పడవెక్కితే చేరతాం.

చేతిలో పట్టుకుని ఆడే పాత వీడియో గేముల్లోనూ ఒక మంచి దీవి ఉంది. నింటెండో వారి గేమ్ బాయ్ పరికరం కోసం 1993లో వచ్చిన 'లింక్స్ అవేకెనింగ్' ఆటలో ఉంది అది. ఓడ పగిలి ఒక కుర్రవాడు తెలియని తీరానికి కొట్టుకొస్తాడు. ఇసుక, అలలు, తాటిజాతి చెట్లు.

ఆ గేమ్ బాయ్ తెరకు రంగుల్లేవు. వెనుక దీపం లేదు. ఉన్నవల్లా పచ్చగా, బూడిదగా కొన్ని ఛాయలు. అయినా ఆడుతుంటే సముద్రం నీలంగానే తోస్తుంది. ఆ నీలం తెర ఇచ్చింది కాదు, మన మనసు ఇచ్చింది.

తెర తక్కువ చూపితే మనసు ఎక్కువ చూస్తుంది. బుర్రకథలో కథకుడు తంబురా మీటి 'అదిగో సముద్రం' అంటే మనకు అలలు కనబడవూ? ఇదీ అంతే. తక్కువ చూపితే మనసు ఎక్కువ చూస్తుంది.

ఈ మాట నేటి పిల్లలకు అందాలని నా కోరిక. అన్నీ చూపేసే తెరల మధ్య వాళ్లు ఊహించుకునే చోటే తగ్గిపోతోంది.

మీ అటక మీద అలాంటి పాత ఆట పరికరం ఏదైనా ఉంటే దించండి. కారిన సెల్లులుంటే జాగ్రత్తగా తీసేయండి. పొడిగుడ్డతో తుడిచి కొత్తవి వేయండి. కిటికీ వెలుతురులో పిల్లల చేతికివ్వండి. కాసేపు ఆడాక, వాళ్లకు ఏమేం కనబడ్డాయో అడిగి వినండి.