తినలేనివాని యెదుట

తెలుగింటిలో ప్రేమకు మొదటి భాష అన్నము. వచ్చినవానిని భోజనమైనదా యని అడుగుదురు. పోవువానిని ఎంగిలిపడి పొమ్మందురు. చాలునన్నవానికి మరియొక గరిటె వడ్డింతురు. అట్టి ఇంట దీర్ఘవ్యాధితో మంచము పట్టినవాడు కంచము చూచి ముఖము త్రిప్పుకొనినప్పుడు ఇంటివారి మనస్సు గాయపడును. జావ కాచి తెత్తురు. చారు అన్నము మెత్తగా కలిపి తెత్తురు. రెండు ముద్దలకే అతడు చేయి అడ్డుపెట్టును. నెలలు గడచుకొలది దేహము చిక్కి శల్యమగును. తింటేనే గదా బలము వచ్చునని బ్రతిమాలుకొనుట కొన్నాళ్లకు కోపగించుకొనుటగా మారును. భోజనవేళ కలహవేళ యగును. తిననివాడు తప్పు చేయుచున్నాడా? తినిపింపలేనివారు ప్రేమలో తప్పిపోయిరా?

ఈ ప్రశ్నలకు ఉత్తరము వెదకుటకు ముందు, ఆ దేహములో జరుగుచున్నదేమో తెలిసికొనవలెను. క్యాన్సరు, గుండె వైఫల్యము, మూత్రపిండముల వ్యాధి, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల వ్యాధి ముదిరినప్పుడు కలుగు ఈ క్షీణతను వైద్యులు క్యాకెక్సియా యందురు. ‘చెడు స్థితి’ యని అర్థమిచ్చు గ్రీకు మాటలనుండి ఈ పేరు పుట్టినది. క్యాన్సరు రోగులలోని ఈ స్థితిని పలు దేశముల నిపుణులు 2011లో నిర్వచించిరి. 6 నెలలలో 5 శాతమునకు మించి బరువు తగ్గుట దాని గుర్తులలో ఒకటి. కండరములు కరగిపోవుట దాని ముఖ్య లక్షణమనియు, సాధారణ పోషకాహారము మాత్రముచేత దానిని పూర్తిగా మరలింప వీలుకాదనియు వారు తెలిపిరి.

ఆకలిచేత చిక్కుట వేరు, ఇది వేరు. అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులు 1945లో 24 వారములు అర్ధాకలితో నుండుటకు స్వచ్ఛందముగా ఒప్పుకొనిరి. ఆయుధము పట్టుట మనస్సాక్షికి విరోధమని యుద్ధసేవను నిరాకరించినవారు వీరు. తమ బరువులో ఇంచుమించు నాలుగవ వంతు కోల్పోయినను, వారి తలంపులన్నియు అన్నము చుట్టే తిరిగెను. మరల కడుపునిండ ఆహారము దొరకగా వారి బరువు తిరిగి వచ్చెను. క్యాకెక్సియా పట్టినవాని స్థితి అట్టిది కాదు. అన్నపు వాసనయే అతనికి వెగటు కలిగింపవచ్చును. రోగముతో పోరాడుటకు దేహము పుట్టించు పదార్థములే మెదడులో ఆకలిని అణచి, కండను కరగించుచుండును. అట్టి పదార్థమొకదానికి శాస్త్రజ్ఞులు 1980లలో క్యాకెక్టిన్ అని పేరు పెట్టిరి. కావున, అతడు తినకపోవుటచేతనే చిక్కిపోవుచున్నాడనుట సగము సత్యము మాత్రమే. అతనిని చిక్కించు రోగమే అతనిని తిననీయకున్నది. ఇది మొండితనము కాదు, కృతఘ్నత కాదు, విశ్వాసము లోపించుట అంతకంటెను కాదు.

అయితే ఈ సత్యమును అశ్రద్ధకు సాకుగా వాడుకొనరాదు. క్షయ యను మాటకే తరుగుదలయని అర్థము. ఆ రోగమునందు మందుతో కూడ అన్నమును ప్రాణము నిలుపును. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురింపబడిన పరిశోధనయందు, రోగుల కుటుంబములకు అదనపు ఆహారమిచ్చినచోట, ఆ ఇండ్లలో క్రొత్తగా క్షయ కలుగుట సుమారు 40 శాతము తగ్గెను. చికిత్స తొలి నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణములు తక్కువగా కనబడెను. బీదవాని ఇంట బియ్యము లేక చిక్కినవానికి ఓదార్పు మాటలు చెప్పి పంపుట పాపమే. అట్లే నోటిపూత, వాంతి, మలబద్ధకము, నొప్పి, మనోవేదన మొదలైన వానివలన తినలేనివానికి వాటిని వైద్యునిచే బాగుచేయింపవలెను. పెట్టవలసినచోట పెట్టకుండుటయు, పట్టనిచోట బలవంతముగా కుక్కుటయు రెండును ప్రేమకు విరోధములే. వాటి భేదము గ్రహించుటకు ప్రేమతోపాటు వివేకమును కావలెను.

యోబు తన చిక్కిన దేహమే తనకు విరోధముగా సాక్ష్యము పలుకుచున్నదని వాపోయెను. ఎముకలు బయటపడిన దేహమును చూచి, వీనిలో ఏదో దోషమున్నదని లోకము తీర్పు తీర్చునని అతడెరుగును. అతని స్నేహితులు వచ్చి ఏడు దినములు నేలమీద అతనితోకూడ మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలంతయు ఆ ఏడు దినములలోనే యున్నది. నోరు తెరచి కారణములు వెదకనారంభించిన తరువాత అతనికి భారమైరి. ఈ దినమునను పరామర్శకు వచ్చి, “అయ్యో, ఎంత చిక్కిపోయితివి! ఏమియు తినుట లేదా?” అనువారు తెలియకయే ఆ సాక్ష్యమునకు తమ సంతకము చేర్చుచున్నారు.

అట్లయిన తినలేనివాని యెదుట ప్రేమ చేయగలిగినదేమి? అడిగినప్పుడు అడిగినంత మాత్రమే పెట్టవచ్చును. ఎండిన పెదవులను తడుపవచ్చును. కంచము లేకున్నను ఇంటివారు భుజించుచోట అతనికొక పీట వేయవచ్చును. బరువు సంగతి ఎత్తక, పొలము సంగతి, మనుమల చదువు సంగతి అతనితో ముచ్చటింపవచ్చును. ప్రభువు బల్లయొద్ద సంఘము పుచ్చుకొను రొట్టెముక్క ఎవరి ఆకలిని తీర్చునంతటిది కాదు; అయినను సంఘము దానిని భోజనమనియే పిలుచుచున్నది. ఆ బల్లయొద్ద ఎంత తింటివని ఎవరును అడుగరు, ఎవరితో కూర్చుంటిమన్నదే ముఖ్యము. కండ కరగిపోయినను మనుష్యుని విలువ తూనికకు అందదు. ఆ విలువను అతనికి జ్ఞాపకము చేయుచు ప్రక్కన కూర్చుండువారు, ఒక్క ముద్దయు తినిపింపలేకపోయినను, అతనిని పోషించినవారే.