ఊదమంటే చిన్నబోకు, అల్లుడూ

అల్లుడూ,

మొన్న ఆదివారం రాత్రి ఫోన్ చేసి, "ఇన్నేళ్లు లాంచీ మీద పనిచేశాను, ఒక్కనాడూ తాగి ఎక్కలేదు. అయినా పొద్దున్నే అందరి ముందూ ఊదమన్నారు మామయ్యా, దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టారు" అన్నావు. నీ గొంతులో ఉక్రోషం నాకు తెలిసింది. అప్పటికి ఏవో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను గానీ మనసు ఊరుకోలేదు. ఫోనులో చెప్పే మాట కాదిది. అందుకే కూచుని రాస్తున్నాను.

నువ్వు పదేళ్లు కళాసీగా తాళ్లు లాగి, డెక్కు కడిగి, పరీక్షకి కూచుని లాంచీ నడిపే సరంగు సర్టిఫికెట్ తెచ్చుకున్న రోజు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. మీ అమ్మ ఆ కాయితానికి నాలుగు మూలలా పసుపు పెట్టి, మాచర్ల చెన్నకేశవస్వామి పటం ముందుంచి, చాలాసేపు అక్కడే కూచుంది. చదువు రాని మనిషి, ఆ కాయితంలో ఏం రాసుందో ఆమెకి తెలీదు. కానీ కొడుకు కూడు అందులో ఉందని తెలుసు. నేనిప్పుడు చెప్పబోయేది ఆ కాయితం గురించే.

ముప్ఫై ఏళ్లు బస్సు తోలినవాణ్ణి, తాగామో లేదో చెప్పే ఆ ఊదే గొట్టం నాకు కొత్త కాదు. తెల్లారుజామున డిపోకి వెళ్లి, చార్టులో పేరు చూసుకుని, ఊది, ఆ తరవాతే బండి తాళం పుచ్చుకునేవాళ్లం. మొదట్లో నాకూ నీలాగే ఒళ్లు మండింది. కాఫీ కూడా తాగకుండా వచ్చినవాణ్ణి పట్టుకుని ఊదమంటారేమిటని గొణుక్కున్నాను. ఆ గొణుగుడు ఎప్పుడు మానేశానో చెబుతాను విను.

మాతో ఒక డ్రైవరుండేవాడు. మంచి చెయ్యి. ఎదురుగా ఎడ్లబండి వస్తే దీపం తగ్గించి దారిచ్చే మనిషి. డ్యూటీలో చుక్క ముట్టినవాడు కాదు. బావమరిది పెళ్లిలో రాత్రి పదకొండున్నర దాకా బంధువులతో కూచున్నాడు. నాలుగు గంటలు పడుకుని లేచాడు. చన్నీళ్లు పోసుకున్నాడు, చిక్కటి మజ్జిగ తాగాడు, రెండు యాలకులు నమిలాడు. దిగిపోయిందనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, ఎవర్నీ మోసం చేద్దామని కాదు. వచ్చి ఊదాడు. అంకె పడింది. నోరు పుక్కిలించి, పావుగంట ఆగి మళ్లీ ఊదమన్నారు. మళ్లీ పడింది. ఆ అంకె వంక ఎట్లా చూశాడంటే, తన చేతిరాతలో తాను రాయని ఉత్తరం చూసినట్టు చూశాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య ఎప్పటిలాగే బస్టాండుకి క్యారేజీ తెచ్చింది. బస్సు వేళకే వచ్చింది. స్టీరింగు ముందు వేరే మనిషి ఉన్నాడు. ఆమె క్యారేజీ చేత్తో పట్టుకుని బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, ఇంకో పక్కనించి మళ్లీ లోపలికి చూసింది. సస్పెన్షనన్న మాట నేను మొదట అక్కడే చూశాను, నోటీసుబోర్డు మీద కాదు.

అల్లుడూ, ఇందులో లెక్క ఒకటుంది, అది నీకు తెలియాలి. మన దగ్గర దొరికే క్వార్టర్ విస్కీలోనో బ్రాందీలోనో స్వచ్ఛమైన ఆల్కహాలు దాదాపు 60 గ్రాములు. మనిషి ఒళ్లు గంటకి ఏడు నించి పది గ్రాములే ఖర్చుపెట్టగలదు. ఆ పని చేసేది కాలేయం, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. చన్నీళ్లు, నిమ్మకాయ, కాఫీ, మజ్జిగ ఏవీ దాని వేగం పెంచవు. రాత్రి పదకొండుకి క్వార్టర్ ముగించినవాడి ఒంట్లో తెల్లవారి ఆరు గంటలకి కూడా సరుకు మిగిలి ఉండొచ్చు. మత్తు లేనట్టే ఉంటుంది, మాట తడబడదు, నడక సాఫీగానే ఉంటుంది. కానీ ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలికి రక్తంలో ఏముందో తెలుసు. యాలకులు నోటి వాసనని మారుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోవు.

కాబట్టి నీ పరీక్ష పొద్దున ఏడింటికి జెట్టీ మీద జరుగుతోందనుకోకు. అది ముందు రోజు రాత్రే జరుగుతుంది, నువ్వు గ్లాసు ముట్టుకోవాలా వద్దా అని ఆలోచించినప్పుడు.

విమానాలు నడిపేవాళ్లకి మన దేశంలో ఎట్లా ఉందో తెలుసా? ఎక్కే ముందు పన్నెండు గంటలు మద్యం ముట్టకూడదు. పరీక్షలో సున్నా రావాల్సిందే. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు ఆపుతారు, రెండోసారి మూడేళ్లు, మూడోసారి పూర్తిగా రద్దు. రోడ్డు మీద మనలాంటివాళ్లకి రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు హద్దు. దాటితే మొదటిసారికే ఆర్నెల్ల జైలో, పదివేల జరిమానాయో, రెండూనో పడొచ్చు. సముద్రంలో తిరిగే ఓడల వాళ్లకి 2012 జనవరి నించి ప్రపంచమంతా ఒకే హద్దు పెట్టుకున్నారు. వీళ్లంతా దొంగలనా? కాదు గదా. వందలమంది ప్రాణాలు చేతిలో ఉన్నవాళ్లని ప్రతిచోటా ఊదమనే అంటారు. నిన్ను ఆ వరసలో నిలబెట్టారు. నేనైతే ఆ నిలబెట్టడం గౌరవమే అనుకున్నాను.

మా బస్సుకి బ్రేకుండేది, అల్లుడూ. తొక్కితే ఆగేది. నీ లాంచీకి ఆ సౌకర్యం లేదు. ఇంజను వెనక్కి తిప్పినా కొంతదూరం అది తన దారిన పోతూనే ఉంటుంది. ఆ కొంతదూరంలో ఏముందో నీ కళ్లే ముందు చూడాలి. మన నాగార్జునసాగర్ సంగతి నీకంటే నాకు ఎక్కువ తెలియదు. కానీ చిన్నప్పటినించీ దాని మట్టం చూస్తున్నాను. నిండితే 590 అడుగులు, దిగితే 510 దాకా దిగుతుంది. నాగార్జునకొండకి పోయే దారి ఒకటే అయినా నీళ్లు దిగిన కొద్దీ లోపలి రాళ్లు పైకొస్తాయి. నిన్న లేని రాయి ఇవాళ ఉంటుంది. సాయంత్రం గాలి లేస్తే అలలొస్తాయి. మసక చీకట్లో దీపం లేకుండా వల వేసుకుని కూచున్న జాలరి పుట్టి నీళ్ల రంగులో కలిసిపోతుంది. తెలివిలో ఉన్న సరంగుకే ఒక్కోసారి ఆలస్యంగా కనపడుతుంది. రాత్రి మందు మిగిలిన కంటికి ఇంకెంత ఆలస్యమవుతుందో నువ్వే ఆలోచించు.

2017 నవంబరు 12 గుర్తుందా? కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో ప్రైవేటు బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. మన కృష్ణే, మన దిగువనే. ఆ తరవాత 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగింది. 77 మంది ఎక్కితే ఒడ్డు చేరింది 26 మంది. ఆచూకీ దొరకనివాళ్ల కుటుంబాలు ఎదురుచూస్తూ ఉంటే, ముప్ఫై ఎనిమిదో రోజున, అక్టోబరు 22న బోటు పైకి వచ్చింది. ఈ రెండింట్లో తాగుడు కారణమని తేల్చినవాళ్లు లేరు, నేనూ అనను. అనుమతి లేకపోవడం, వరదలో బయలుదేరడం, ఎక్కువమందిని ఎక్కించుకోవడం లాంటివి ఎన్నో ఉన్నాయి. నేను చెప్పేదల్లా ఒకటే, నది తనకి తానుగానే అంత కఠినమైంది. దానికి మనవంతుగా ఇంకో గుక్క కలిపి ఇవ్వకూడదు.

తాగుడు మాట బయటికొచ్చిన ప్రమాదమూ ఒకటుంది. లండన్లోని థేమ్స్ నది మీద 1989 ఆగస్టు 20న రాత్రి ఇసుక తీసే పెద్ద పడవ ఒక విహార పడవని గుద్దితే 51 మంది చనిపోయారు. కచ్చులూరులో పోయినవాళ్లూ అంతమందే. ఆ పెద్ద పడవ కెప్టెను ముందు మధ్యాహ్నం ఆరు పైంట్ల బీరు తాగినట్టు విచారణలో బయటపడింది. అసలు లోపం ఎదర చూపు సరిగా పెట్టకపోవడమన్నారు. అయినా ఆ కుటుంబాలు ఊరుకోలేదు. 2003లో ఆ దేశం పడవలు నడిపేవాళ్లకి మద్యం హద్దు పెడుతూ చట్టం చేసింది. పధ్నాలుగేళ్లు పట్టింది.

మన దగ్గర కచ్చులూరు తరవాత త్వరగానే కదిలారు. రాష్ట్రమంతటా బోట్లు ఆపేసి, ఆ నవంబరులోనే తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించారు. అందులో ఒకటి మన సాగర్‌కి. రెవెన్యూ, పోలీసు, నీటిపారుదల, పర్యాటక శాఖల వాళ్లు కలిసి చూడాలి, సిబ్బందిని బ్రీత్ అనలైజర్‌తో పరీక్షించాలి, అంతా సరిగ్గా ఉందంటేనే బోటు కదలాలి. నిన్ను ఊదమన్నది ఎవరో గుమాస్తా కాదు, అల్లుడూ. ఆ బోటు కోసం ఎదురుచూసిన కుటుంబాలవాళ్లు అడిగినట్టే అనుకో.

ఇంక ఆ పసుపు కాయితం సంగతి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. నీ సర్టిఫికెట్ ఇప్పుడు దేశమంతా చెల్లుతుంది. సాగర్‌లో చేసినవాడు రేపు కేరళ కాలవల్లోనో గంగ మీదో చేయొచ్చు. దాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారమూ అధికారులకి ఉంది, వివరాలు కేంద్రం పెట్టిన పట్టీలోకి ఎక్కే ఏర్పాటూ ఉంది. చెల్లుబాటు దేశమంతా అయినప్పుడు మచ్చ కూడా దేశమంతానే. ఇంకో రాష్ట్రం పోయి బతుకుదామన్నా వీలుండదు.

నీ మంచి కోరి ఇంకో నాలుగు మాటలు. ఊదేటప్పుడు గొట్టం కొస కొత్తది వేయమని అడుగు, మర్యాదగా అడుగు. దగ్గు మందు తాగావంటే ముందే చెప్పు. నోట్లో మిగిలిన మందుతో అంకె తప్పు పడొచ్చు, పుక్కిలించి పావుగంట ఆగితే అది పోతుంది, ఒంట్లోది మాత్రం పోదు. ఊదనని మాత్రం మొండికేయకు, అది ఒప్పుకున్నట్టే అవుతుంది. అంకె సున్నా వచ్చాక రిజిస్టరులో రాయించు. రేపు నదిలో ఏదన్నా జరగరానిది జరిగి, నలుగురూ "సరంగు తాగున్నాడట" అని నోరు పారేసుకుంటే నీకు సాక్ష్యం చెప్పేది ఆ సున్నా ఒక్కటే. మీ అమ్మ చెబితే ఎవరూ వినరు.

నాకు అసలు భయం పొద్దున కాదు, మధ్యాహ్నం. పొద్దున ఊదించేవాళ్లు కొండ మీద ఉండరు. మ్యూజియం చూసి వచ్చాక చెట్ల కింద పార్టీలు కూచుంటాయి. వేయించిన చేప ముక్కల వాసన వస్తుంది. "సరంగు గారూ, మాకోసం కష్టపడుతున్నారు, ఒక్కటి పుచ్చుకోండి" అని ఎవరో ప్రేమగానే గ్లాసు చాస్తారు. కాదంటే పొగరనుకుంటారేమోనని అనిపిస్తుంది. అక్కడ సమాధానం వెతుక్కోకు, ముందే సిద్ధం చేసుకో. "మీ పిల్లల్ని ఒడ్డు చేర్చే పని ఇంకా మిగిలుందండీ" అను చాలు. తండ్రి అయినవాడు ఎవడూ రెండోసారి బలవంతం చేయడు. ఒక చేపముక్క తీసుకో, దాంట్లో తప్పు లేదు.

నీకు బొత్తిగా అలవాటు లేదనీ నేననను. పండక్కీ పబ్బానికీ నీ ఈడువాళ్లతో కూచుంటావని నాకు తెలుసు, మీ అమ్మకీ తెలుసు. మరునాడు సెలవైతే అది నీ ఇష్టం. డ్యూటీ ఉంటే మాత్రం కూచోకు. ఎప్పుడన్నా తప్పి కూచున్నావా, తెల్లారి జెట్టీకి పోయి అదృష్టం పరీక్షించుకోకు. ఫోన్ చేసి "రాత్రి తాగాను, ఇవాళ ఎక్కను" అని చెప్పెయ్యి. ఒకరోజు కూలి పోతుంది. తిడతారు, పడు. కళాసీగా ఎక్కిన కుర్రాడికి కూడా ఇదే నేర్పు. వాడు నీ చేతులు చూసి నేర్చుకుంటున్నాడు, నువ్వు నేర్చుకున్నట్టే.

కార్తీకంలో మొదటి ఆదివారం మేం కొండకి రావాలనుకుంటున్నాం. మీ అత్త ఎన్నాళ్లనించో అడుగుతోంది, మనవరాల్ని కూడా తెస్తాం. టికెట్లు కొనే ఎక్కుతాం, నువ్వేమీ మాట్లాడి పెట్టొద్దు. కాస్త ముందే వస్తాను. నువ్వు ఊదేటప్పుడు పక్కన నిలబడి, ఆ సున్నా నా కళ్లతో చూసుకుని, ఆ తరవాత మనవరాల్ని లాంచీ ఎక్కిస్తాను.

నీ మామయ్య