దండెం ఎక్కడ కట్టుకోవాలి?

తడిబట్ట ఎక్కడ ఆరేసుకోవాలన్నది కూడా ఒక ధర్మసందేహమేనా అని నవ్వకండి. నిరుడు వేసవి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడు కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. వాళ్ళింట్లో బట్టలారబెట్టే యంత్రం ఉంది. కానీ బయట ఎండ ఫెళఫెళలాడుతూంటే లోపల కరెంటు ఖర్చుపెట్టి చీర ఆరబెట్టడానికి నాకు మనసొప్పలేదు. పైగా నేతచీర. ఆ వేడికి ఏమైపోతుందో అని భయం. శుభ్రంగా ఉతుక్కుని మేడమీద బాల్కనీ కమ్మీ మీద ఆరేశాను. నాలుగు రోజులు అలాగే చేశాను. తరవాతి వారం ఉత్తరం వచ్చింది. ఆ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘంవారు రాశారు. ఎంత మర్యాదగా ఉందనుకున్నారు! వీధిలోకి కనిపించేలా బట్టలు ఆరవేయడం నిబంధనలకు విరుద్ధమట, దయచేసి సవరించుకోమన్నారు. సవరించుకోకపోతే విచారణా, ఆపైన జరిమానా. కింద సాక్ష్యంగా ఫోటో కూడా. ఎర్రంచు తెల్లచీర, గాలికి హాయిగా ఊగుతోంది పాపం.

“మీ చీర ఫోటో బాగా వచ్చిందత్తయ్యగారూ” అన్నాడు మా అల్లుడు నవ్వాపుకుంటూ.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. కొనుక్కున్న ఇల్లు, కట్టుకునే చీర, దేవుడిచ్చిన ఎండ. మధ్య వీళ్ళెవరండీ?

అల్లుడు నెమ్మదిగా చెప్పాడు. ఇల్లు కొన్నప్పుడే ఈ నిబంధనలన్నిటికీ ఒప్పుకున్నట్టట. తలుపుకి రంగు మార్చాలన్నా సంఘాన్ని అడగాలి. ఒక ఇల్లు కళ తప్పితే చుట్టుపక్కల ఇళ్ళన్నిటి ధరా పడిపోతుందని వాళ్ళ భయం. ఈ పట్టింపు ఎంత దూరం వెళ్ళిందంటే, ఆ రాష్ట్రంలో నీళ్ళకి కటకటగా ఉన్న రోజుల్లో కూడా ఇంటిముందు గడ్డి ఎండితే సంఘాలు జరిమానాలు వేసేవట. ఒకపక్క ప్రభుత్వం నీళ్ళు వాడకండని మొత్తుకుంటోంది, మరోపక్క సంఘం గడ్డి పచ్చగా ఉంచమంటోంది. చివరికి కరువుకాలంలో అలా జరిమానా వేయకూడదని 2014లో చట్టమే చేయవలసి వచ్చింది. మరుసటి ఏడు, 2015లో, దండేనికీ ఒక చట్టం వచ్చింది. సొంత పెరట్లో దండెం కట్టుకుంటానంటే సంఘం బొత్తిగా కాదనడానికి వీల్లేదు. కానీ బాల్కనీ కమ్మీ మాత్రం దండెం కిందికి రాదని అందులోనే రాశారు! నా కేసు అక్కడే వీగిపోయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పొరుగువాడి కంటికి బొత్తిగా హక్కు లేదని నేననను. మేం వెనక అద్దెకున్న ఇంటి ఎదురుగా ఒకాయన ఇల్లు పడగొట్టించి, ఆ ఇటుకముక్కలూ మట్టీ రెండేళ్ళపాటు వీధిలోనే ఉంచాడు. అడిగితే “నా ఇల్లు, నా ఇష్టం” అనేవాడు. తెల్లారి లేచి ఆ గుట్ట చూస్తూ ముగ్గేస్తుంటే ఏడుపొచ్చేది. అప్పుడు ఏదైనా సంఘం ఉంటే బాగుండునని నేనే అనుకున్నాను.

మరి నా చీరా, ఆ మట్టిగుట్టా ఒకటేనా?

ఇదే అడిగితే మా అల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో 1947లో లెవిట్ కంపెనీవారు లెవిట్‌టౌన్ అని పెద్ద ఊరే కట్టారు. ఒకే అచ్చులో పోసినట్టు వేలకొద్దీ ఇళ్ళు. అక్కడ గడ్డి వారంవారం కత్తిరించాలి. కంచె కట్టకూడదు. బట్టలు పెరట్లో, గొడుగులా తిరిగే దండెం మీదే ఆరేయాలి. శని, ఆదివారాల్లో అదీ కూడదు. బాగానే ఉంది. మొదట్లో వాళ్ళు రాయించుకున్న అద్దె కాగితంలోనే ఇంకో షరతు కూడా ఉంది. తెల్లజాతివారు తప్ప మరెవరూ ఆ ఇంట్లో కాపురం ఉండరాదు. ఇంట్లో పనిచేసే నౌకర్లయితే మాత్రం ఫరవాలేదు. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. ఇళ్ళ విషయంలో జాతిభేదం చూపడాన్ని నిషేధిస్తూ చట్టం రావడానికి 1968 దాకా పట్టింది.

అమ్మాయీ అల్లుడూ ఆ కాగితం ముందు నిలబడితే ఏమయ్యేదా అని ముందు అనుకున్నాను. తరవాత ఆ ‘నౌకర్లయితే ఫరవాలేదు’ అన్న ముక్క దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే హైదరాబాదులో మా అపార్టుమెంటు కమిటీలో నేనూ ఉన్నాను. వాచ్‌మన్ కుటుంబం సెల్లారులో, మెట్ల కింద ఒక్క గదిలో ఉంటారు. అతని భార్య ముందుగోడ మీద బట్టలారేసేది. పిల్లవాడి నిక్కర్లూ, తన చీరా, ఆయన తువ్వాలూ. వచ్చేవాళ్ళకి మొదట కనబడేది అవే, అసహ్యంగా ఉందన్నారు అందరూ. నోటీసు రాశాం. తెలుగు బాగా రాస్తానని రాయించింది నాచేతే, మొదటి సంతకమూ నాదే. “దయచేసి” అని కూడా రాశాను. మరెక్కడ ఆరేసుకుంటుందని ఒక్కరమూ అడగలేదు. మాకందరికీ వెనకవైపు బాల్కనీలున్నాయి కదా, ఆ ఆలోచనే రాలేదు.

తిరిగి రాగానే మీటింగులో ఎత్తాను. మేడమీద వాళ్ళకో దండెం కట్టుకోనిద్దామన్నాను. “నోటీసు మీరు రాసిందే కదండీ!” అన్నారు సెక్రటరీగారు. ఒకావిడ “మన బట్టల పక్కన వాళ్ళవా?” అంది. అందరూ ఆవిడకేసి చూశారు గానీ తప్పని ఎవరూ అనలేదు. గంటసేపు వాదించుకున్నాక నీళ్ళట్యాంకు వెనకాల, వీధికి కనబడని మూల ఒప్పుకున్నారు.

నైలాను తాడు కొని నేనే పట్టుకెళ్ళాను. కాస్త గర్వంగానే వెళ్ళాననుకోండి. ఆమె తాడుకేసి చూసి, “ఎందుకమ్మా, మాకు అలవాటయింది. రాత్రి అందరు పండుకున్నంక గోడ మీద ఏస్త, పొద్దుగాల అయిదింటికి తీస్త. ఎవ్వరికి కనబడదు” అంది.

“రాత్రిపూట ఆరతాయా?”

“మా చీరెలు ఆరుతయి. పిల్లగాని యూనిఫారమే జర తడిగుంటది. ఒంటిమీదనే ఆరుతది తియ్యి.”

తాడు మాత్రం తీసుకుంది. కట్టుకుందో లేదో చూద్దామని రెండు మూడుసార్లు మేడమెట్ల దాకా వెళ్ళాను. పైకెక్కడానికి మాత్రం ఇంకా కాళ్ళు రావడం లేదు.