చాప పట్టేంత చోటు

కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సులో కోరంగి దగ్గర ఒక ముసలమ్మ ఎక్కింది. "కాస్త సర్దుకోండమ్మా" అంది. ఇద్దరు పట్టే సీటులో ముగ్గురం కూర్చున్నాం. ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. ప్రయాణానికి ముందు సామాను సర్దుకుంటాం. బయల్దేరాక మనమే సర్దుకుంటాం.

ఆ కోరంగి పేరే సముద్రం అవతల మనవాళ్ళ పేరైంది. బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలనేవారు. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. కాకినాడ తీరంలో లోతు తక్కువ. అందుకే స్టీమరు దూరంగా లంగరు వేసుకుని ఉంటే పడవల మీద వెళ్ళి ఎక్కేవారు. క్యాబిన్లు డబ్బున్నవాళ్ళకి, డెక్కు మనవాళ్ళకి. అక్కడ చాప పరుచుకున్నంత మేరే ఒక కుటుంబానికి ఇల్లు.

అలాంటి డెక్కు ప్రయాణికుల కోసం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1926లో ఒకే తీరున రెండు ఓడలు కట్టించింది: రాజులా, రోనా. మద్రాసు, నాగపట్నం నుంచి పినాంగు, సింగపూరుకు వాటి రాకపోకలు. మలయా రబ్బరు తోటల బాట పట్టినవాళ్ళలో మన గోదావరి జిల్లాలవాళ్ళూ ఉన్నారు. రాజులా ఒక్కటే 5,000 మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునేది.

సర్దుకుపొమ్మని చెప్పేవాళ్ళు ఎప్పుడూ చోటున్నవాళ్ళే. అంతమందిని కుక్కడం కంపెనీ లాభం లెక్క, అందులో మెచ్చుకోవాల్సిందేమీ లేదు. కానీ ఆ ఇరుకులోనూ పక్కింటి పసిబిడ్డకు గాలి తగలాలని తన మూట జరిపిన చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది. ఆ చెయ్యి కంపెనీది కాదు. నాకు కావలసింది ఆ చెయ్యి.

రెండో ప్రపంచ యుద్ధంలో రెండు ఓడలూ సైనికులను మోశాయి. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. ఆ ఏడే జపాను సైన్యం బర్మాను ఆక్రమిస్తుంటే, రంగంలోని మనవాళ్ళు ఎందరో ఓడ దొరక్క, కొండలూ అడవులూ దాటి కాలినడకన బయల్దేరారు. దారిలో రాలిపోయినవాళ్ళు వేలమంది. ఒకప్పుడు ఒళ్ళు హూనమయ్యేలా పడుకున్న ఆ డెక్కు మీద చాప పట్టేంత చోటు దొరికి ఉంటే వాళ్ళు ఇల్లు చేరేవారు.

1943 నవంబరు 26న అల్జీరియా తీరం దగ్గర జర్మన్ విమానం వదిలిన, రేడియోతో నడిపించే బాంబు రోనాకు తగిలింది. వెయ్యిమందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు. వాళ్ళు మన వైపే, బర్మా యుద్ధరంగం దిక్కుగానే వస్తున్నారు. సిబ్బందిలోనూ నూరుమందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది లస్కర్లు, అంటే మన దేశపు ఓడ పనివాళ్ళు. ఈ కథ చెప్పేవాళ్ళు లస్కర్ల సంగతి చివర్న చెబుతారు. నాకు మాత్రం ముందు వాళ్ళే గుర్తొస్తారు. ఓడలో ఏ మూల ఏముందో, ఎవరు ఎక్కడ పడుకుంటారో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

రాజులా బతికింది. యుద్ధం అయిపోయాక మళ్ళీ అదే మద్రాసు దారి పట్టింది. తుపాకులు పెట్టిన చోట మళ్ళీ మూటలు, చాపలు, ఏడ్చే పిల్లలు. 1973 వరకూ అదే పని. చివర్లో షిప్పింగ్ కార్పొరేషన్ కొని రంగత్ అని పేరు మార్చింది, 1974లో ముక్కలు చేశారు. అంత యుద్ధం చూసి వచ్చి, ఊరికే మనుషుల్ని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు చేర్చుతూ పాతికేళ్ళకు పైగా గడపడం నాకు ఏ విజయం కంటే గొప్పగా తోస్తుంది.

ఈ మధ్య ఇంటికి చుట్టాలొస్తే మంచం వాళ్ళకిచ్చి డాబా మీద చాప వేసుకుంటున్నాను. కొబ్బరాకుల మీదుగా గాలి వస్తుంది. ఒక పక్కకు జరిగి పడుకుంటాను, ఇంకెవరైనా పైకి వస్తారేమోనని.