మూలిగితే ఓర్పు పోతుందా?

ఒమన్ అనగానే ఎండా ఇసుకా తలచుకునేవాళ్లు జూలైలో సలాలా చూడాలి. మస్కట్ ఉడికిపోయే ఆ రోజుల్లోనే దక్షిణాన ధోఫార్ కొండలకు ముసురు పడుతుంది. ఒంటెలు మంచులో నిలబడి పచ్చిక మేస్తుంటాయి. ఆ కొండల్లో జబల్ ఇత్తీన్ మీద గుమ్మటమున్న చిన్న కట్టడం ఒకటుంది. చెప్పులు విడిచి లోపలికెళ్తే ఆకుపచ్చ గుడ్డ కప్పిన సమాధి. బయట రాతిలో ఓ పాదముద్ర చూపిస్తారు. ముస్లింలకు అయ్యూబ్ నబీ, తెలుగు క్రైస్తవులకు యోబు అయిన మనిషిదే ఈ సమాధి అని అక్కడివాళ్ల నమ్మకం. తుర్కియే, లెబనాన్‌లలోనూ ఇలా చెప్పే చోట్లున్నాయి. ఆ తగవు తేలేది కాదు, తేలక్కర్లేదు కూడా.

ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చుని పెంకుముక్కతో గోక్కున్నవాడు యోబు. ఓర్పుకు ఆయన మారుపేరయ్యాడు. ఏళ్ల తరబడి మానని నొప్పితో బతికేవాళ్లకు చుట్టాలూ పాస్టర్లూ మౌల్వీలూ ఆయన్నే చూపిస్తారు: చూడు, ఎంత పడ్డాడో, నోరు మెదపలేదు!

నోరు మెదపలేదని ఏ గ్రంథంలోనూ లేదు. బైబిల్లో రెండు అధ్యాయాల పాటు అణిగి ఉన్న యోబు మూడో అధ్యాయానికి తాను పుట్టిన రోజునే శపిస్తాడు. ఆ తర్వాత ఏకంగా దేవుడితోనే వ్యాజ్యానికి దిగుతాడు. ఖురాన్‌లోని అయ్యూబ్ అంత ఎత్తున అరవడు కానీ, నాకు బాధ కలిగిందని దేవుడికి మొరపెట్టుకుంటాడు. కాలితో నేలను తన్నమన్న జవాబూ, స్నానానికీ తాగడానికీ పనికొచ్చే చల్లని నీళ్లూ ఆ మొర తర్వాతే వస్తాయి. 38వ సూరాలో ఆ మొర విన్న దేవుడే, నాలుగు వాక్యాలు తిరగకుండా, ఇతను ఓర్పుగలవాడని మెచ్చుకుంటాడు. మొరపెట్టుకోవడం ఓర్పుకు లోటని ఆ మెచ్చినవాడికి తోచలేదు.

అక్కడే ఓ చిన్న ముచ్చట ఉంది. చేతిలోకి గుప్పెడు గడ్డి తీసుకుని దానితో కొట్టు, ఒట్టు తప్పకు అని అయ్యూబ్‌కు ఆజ్ఞ. వ్యాఖ్యాతలు చెప్పే కథ ఇది: జబ్బులో ఉండగా, తనకు సేవచేస్తున్న భార్యమీదే కోపమొచ్చి నూరు దెబ్బలు కొడతానని ఒట్టేసుకున్నాడు. ఒళ్లు కుదుటపడ్డాక ఆ ఒట్టు గుదిబండ అయింది. నొప్పితో బతికే ఇంట్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. కసురు ఎప్పుడూ దగ్గరున్నవాళ్ల మీదే పడుతుంది. గ్రంథం ఆ కోపాన్ని దాచలేదు, దాని దెబ్బను గడ్డిపోచల స్థాయికి దించింది.

అయితే ఆ సంప్రదాయంలో రెండో గొంతూ ఉంది. 855లో మరణించిన బాగ్దాద్ పండితుడు అహ్మద్ ఇబ్న్ హంబల్ చివరి జబ్బులో మూలుగుతుండగా, పూర్వపు పెద్దొకాయన రోగి మూలగడం మంచిది కాదనేవాడని ఎవరో చెప్పారట. పోయేదాకా మళ్లీ మూలగలేదట. గొప్ప నిగ్రహమే. కానీ అది ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. పక్కింటి కీళ్లవాతపు ముసలమ్మకు దాన్ని ఎవరైనా వడ్డిస్తే మాత్రం అది నిగ్రహం అనిపించుకోదు.

యోబు కథలో ఆ వడ్డించేవాళ్లు స్నేహితులు. నిజానికి వాళ్లు బాగానే మొదలుపెట్టారు. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని పక్కన నేలమీద మాటాడకుండా కూర్చున్నారు. ఆ తర్వాత నోరు తెరిచి కారణాలు చెప్పారు: నువ్వేదో పాపం చేసి ఉంటావు. మనవాళ్లు ఇదే మాటను పూర్వజన్మ ఖాతాలో రాస్తారు, అంతే తేడా. చివరికి దేవుడు మండిపడింది ఎవరి మీద? తనను నిలదీసిన యోబుకూ చీవాట్లు పడ్డాయి, కానీ సరిగ్గా మాట్లాడింది అతనేనన్నాడు. తన తరఫున వాదించిన స్నేహితులు మాట్లాడింది సరి కాదన్నాడు.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాకూడదు. గోల్కొండ చెరలో కంచర్ల గోపన్న రాముణ్ని తిట్టాడు. తహసీల్దారు కదా, తిట్టులోనూ పద్దు రాశాడు: ఎవరికి ఏ నగ చేయించిందీ, ఎంత ఖర్చయిందీ. దశరథుణ్నీ జనకుణ్నీ కూడా పేచీలోకి లాగాడు. అదే కీర్తన చివర్లో, దెబ్బలు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకయ్యా అన్నాడు. భద్రాచలంలో ఆ తిట్టును రాగం తీసి పాడుకుంటాం. ఇంట్లో నడుంనొప్పి మనిషి అందులో పదోవంతు అంటే విసుక్కుంటాం.

ఈ తిట్లకు ప్రయోగశాల సాక్ష్యం కూడా ఉంది. బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం విద్యార్థుల చేతులు ఐసునీళ్లంత చల్లని నీళ్లలో పెట్టించింది. బూతుమాట అంటూ ఉన్నప్పుడు, మామూలు మాట అన్నప్పటి కంటే ఎక్కువసేపు ఓర్చుకోగలిగారని 2009లో ప్రచురించారు. తర్వాతి పరిశోధనలో, రోజంతా తిట్టేవాళ్లకు ఆ లాభం తక్కువని తేలింది. గోపన్న అలవాటుగా తిట్టే మనిషి కాదు మరి! ఐసునీళ్లలో నొప్పి నిమిషాల్లో పోతుందనీ, నడుములోది పోదనీ గుర్తుంచుకోవాల్సిందే.

ఒమన్‌లో ఈ చర్చ పురాణం దగ్గర ఆగదు. సికిల్ సెల్ జన్యువు మోసేవాళ్లు ఒమనీల్లో దాదాపు 6 శాతం. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది వచ్చిన బిడ్డలో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో అడ్డం పడతాయి. అప్పుడు ఎముకల్లో పుట్టే నొప్పి గంటల తరబడి, రోజుల తరబడి మెలిపెడుతుంది. పైకి గాయం ఉండదు, వాపూ కనిపించకపోవచ్చు. మత్తుమందు కోసం నటిస్తున్నారేమో అన్న అనుమానాన్ని ఈ రోగులు ఎన్నో దేశాల్లో మోశారు. మన దగ్గర పాడేరు, ఉట్నూరు వైపు ఆదివాసీ గూడేలకూ ఈ జబ్బు తెలుసు.

అదే మస్కట్‌లో నిర్మాణ పనులకెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ మనుషులున్నారు, ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లున్నారు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టముంది. పట్టేసిన నడుముకు అలాంటి వేళలు లేవు. నొప్పి అంటే ఇంటికి పంపేస్తారేమోనని భయం, ఫోన్‌లో ఇంటికి చెబితే అమ్మ ఏడుస్తుందని బెంగ. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పిగా ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని దాని వివరణల్లో చేర్చింది. చెప్పేవాళ్లుంటే ఆ నియమం పనికొస్తుంది. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని డాక్టరు అడిగినప్పుడు, ఓర్చుకోవడమే మంచితనమని విని పెరిగిన మనిషి ఎనిమిది అనాల్సిన చోట మూడు అంటాడు. పెనడాల్ మాత్రలు రాయించుకుని మర్నాడు మళ్లీ సైటుకెళ్తాడు.