పక్కన పెట్టిన బాధ

క్యాన్సర్ మందులు తెచ్చిపెట్టే ఇతర బాధల్ని 'సైడ్ ఎఫెక్ట్స్' అంటాం. ఆ మాటలోనే ఒక తీర్పు ఉంది. గడ్డ కరగడమే అసలు సంగతి, తక్కినదంతా పక్కది. ఎవరికి పక్కది? అప్పటికే మరో జబ్బుతో ఏళ్లుగా కాపురం చేస్తున్న స్త్రీ విషయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది.

మా అమ్మకు పద్ధెనిమిదేళ్లుగా షుగరు. రొమ్ము క్యాన్సర్‌కు పాక్లిటాక్సెల్ మొదలుపెట్టారు. ఆ మందు ఒంటికి పడక ఎలర్జీ రాకుండా ముందుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది షుగరు పెంచుతుంది. పాక్లిటాక్సెల్ కాళ్లూ చేతుల నరాల్ని దెబ్బతీస్తుంది. షుగరు ఎప్పటినుంచో చేస్తున్న పనీ అదే. తిండి సయించని రోజున ఇన్సులిన్ ఎంత తీసుకోవాలి? క్యాన్సర్ డాక్టరు షుగరు డాక్టర్ని అడగమంటారు. ఆయన కీమో అయ్యేదాకా ఓపిక పట్టమంటారు. ఫైళ్లు రెండు, శరీరం ఒక్కటే. ఏం తిన్నదీ, ఎన్ని యూనిట్లు తీసుకున్నదీ, పాదానికి పుండేమైనా పడిందా అన్నదీ రాసుకుని ఆ రెంటినీ కలిపే పని రోగిదే. ఇంటి చాకిరీలాగే దీనికీ లెక్కలేదు.

నరాల తిమ్మిరిని గ్రేడ్లలో కొలుస్తారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ కొలమానం ప్రకారం వంట, సరుకులు కొనడం, డబ్బు వ్యవహారాలు చూసుకోవడం లాంటి పనులకు అడ్డుపడితే రెండో గ్రేడు. స్నానానికీ, బట్టలు కట్టుకోవడానికీ అడ్డుపడితే మూడోది. "వంట చేసుకోగలుగుతున్నారా?" అని అడిగితే అమ్మ "చేస్తున్నానండీ" అంది. నిజమే. మసిగుడ్డ లేకుండా పాలగిన్నె దించి, బొబ్బలెక్కాక గాని కాలిందని తెలియని చేతులతో చేస్తోంది. చేయగలగడానికీ, చేయక తప్పకపోవడానికీ మధ్య తేడా ఆ ప్రశ్నకు అందదు. వంట మానుకునే వెసులుబాటు ఉన్నవాళ్లకే ఆ కొలత సరిపోతుంది. మిగతావాళ్ల ఓర్పు ఆరోగ్యంగా నమోదవుతుంది. పైగా "తిమ్మిరి ముందునుంచీ ఉన్నదే కదా" అంటే, పాత బాధ కొత్త బాధకు సాక్ష్యం కావాల్సింది పోయి దాన్ని కొట్టేస్తుంది.

ఆడ్రి లార్డ్ 1980లో వెలువరించిన 'క్యాన్సర్ జర్నల్స్'లో, కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా వెళ్లినందుకు డాక్టరు దగ్గరి నర్సు మందలించిన సంగతి రాసింది. బాగున్నట్టు కనిపించడం కూడా స్త్రీకి అప్పగించిన పనే.

మోతాదు తగ్గిస్తే ప్రాణానికి ముప్పేమో అన్న భయం తేలిగ్గా తీసేయదగింది కాదు. కూతురిగా నేను పూర్తి మోతాదే కోరుకున్నాను. అమ్మ తగ్గించమంది. పాదాలు స్పర్శ కోల్పోతే పుండు పడినా తెలియదు, షుగరుతో అది మానదు, కాలు పోవచ్చు. ఇదంతా ఆమె లెక్క వేసుకునే అడిగింది. డాక్టరు విని, తగ్గించారు. మా ఇద్దరిలో ఎవరిది సరైన నిర్ణయమో కాలం కూడా చెప్పలేకపోవచ్చు. ప్రేమ ఉన్నంత మాత్రాన మరొకరి శరీరాన్ని తూకం వేసే హక్కు రాదు. ఆ పాదాలతో నడవాల్సింది ఆమె. అందుకే డాక్టర్లూ మనమూ "చేస్తున్నారా?" దగ్గరే ఆగిపోకుండా, "ఎలా చేస్తున్నారు? మీరు చేయకపోతే ఎవరు చేస్తారు?" అని కూడా అడగాలి.